కానుగ పూలు, సెల్లార్ నీళ్లు, నా రెండు సీట్ల కారు

కారు లోపలి కార్పెట్ మీద అరచెయ్యి ఆనించి నొక్కితే వేళ్ల సందుల్లోంచి డికాషన్ రంగు నీళ్లు పైకి ఉబికాయి. పెళ్లికని తెనాలి వెళ్లి, నాలుగు రోజుల తరువాత హైదరాబాదు తిరిగి వచ్చిన ఆదివారం ఉదయం అది. ఆ నాలుగు రోజుల్లో నగరంలో చెప్పుకోదగ్గ వాన ఏదీ పడలేదు. జూలై నెలలో మామూలుగా ఉండే ముసురే. టాప్ గట్టిగా బిగించి ఉంది, అద్దాలు రెండూ పూర్తిగా ఎత్తి ఉన్నాయి, గుడ్డ ఎక్కడా చిరగలేదు. అయినా రిమోట్ నొక్కితే కారు పలకలేదు. తాళంచెవితో తలుపు తీసేసరికి లోపలి నుంచి తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంది.

నా కారు రెండు సీట్లది, గుడ్డ టాప్ వెనక్కి మడిచి పెట్టుకొనేది, ఇంజిన్ సీట్ల వెనుక ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు చెప్పబోవడం లేదు, ఎందుకంటే ఇందులో తప్పు కంపెనీది కాదు, నాది. దానిని మా అపార్టుమెంటు ఆవరణలో కానుగ చెట్టు కింద పెట్టేవాణ్ని. సెల్లార్‌లో నాకు చోటు లేక కాదు. ర్యాంపు దిగేటప్పుడు ముందు బంపర్ అడుగు నేలకు గీసుకొనేది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నా వెన్నులోనే గీత పడినట్టు ఉండేది కనుక, చెట్టు నీడే మేలనుకున్నాను.

నాకు తెలిసిన పాతకాలపు మెకానిక్ ఒకాయన సాయంత్రానికి వచ్చి, ముందుగా బ్యాటరీ వైరు తీసి, ఆ తరువాతే డ్రైవర్ సీటు విప్పాడు. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీయకుండా ఆ సీటును కదపకూడదని, ఆ పని చేతగాని వాళ్లు అసలు చేయకూడదని అప్పుడే తెలిసింది. సీటు లేచాక, టిఫిన్ బాక్సు అంత కంట్రోల్ యూనిట్ ఒకటి సగం దాకా నీళ్లలో మునిగి కనిపించింది. తలుపుల తాళాలూ అలారమూ నడిపించేది అదే. కార్పెట్ కింద బొటనవేలి మందాన స్పాంజి పరిచి ఉంది. పైన కార్పెట్ ఆరినట్టు కనిపించినా ఈ స్పాంజి వారాల తరబడి నీళ్లు పట్టుకొని ఉంటుంది. ఆయన దాన్ని పిండుతూ ఉంటే బకెట్టులో మూడో వంతు నిండింది.

"టాప్ ఎక్కడ కారుతోందో చూడండి భాయ్," అన్నాను.

"కారలేదు సార్, నిండి పొర్లింది," అన్నాడాయన.

ఆ మాట అర్థం కావడానికి నాకు మరో పావుగంట పట్టింది. టాప్‌ను సగం వరకు మడిచి, సీటు వెనుక మూలలో టార్చి వెలుగు వేసి చూపించాడు. అక్కడ రబ్బరు కాలువ లాంటిది ఉంది, దాని చివర చిటికెన వేలు పట్టేంత కన్నం. ఆయన రెండు వేళ్లు పెట్టి లాగితే, నల్లబడిన చింతపండు ముద్ద లాంటిది ఒకటి బయటికి వచ్చింది. అరచేతిలో విప్పి చూస్తే కానుగ పూలు. ఏప్రిల్, మే నెలల్లో మన వీధుల్లో అటుకులు చల్లినట్టు రాలి ఉంటాయే, ఆ లేత ఊదా పూలే. ఒక్కొక్కటి బఠాణీ గింజంత ఉంటుంది. ఆకు అయితే కన్నానికి అడ్డంగా ఆగిపోతుంది, కంటికి కనిపిస్తుంది. ఈ పూవు కన్నంలోకి జారి, దాని వెనుక మరొకటి, దాని మీద దుమ్ము, తొలకరి తడితో అంతా కలిసి ఒక బిరడా తయారవుతుంది. బిరడా తీసీ తీయగానే గుటగుటమని శబ్దం వచ్చి, వెనుక చక్రానికి కాస్త ముందుగా, కారు అడుగు నుంచి నేల మీదికి నీళ్లు ధార కట్టాయి.

అంతవరకూ నేను, కారు అంటే మూత బిగించిన స్టీలు డబ్బా అనీ, మంచి కారు అంటే చుక్క నీరు లోపలికి రానిదనీ అనుకొనేవాణ్ని. నిజానికి ఏ కారూ అలా తయారు కాదు. ముందు అద్దం మీద పడిన వాన, దాని అడుగున ఉన్న నల్ల ప్లాస్టిక్ జల్లెడలోంచి లోపలికి దిగి, రెండు పక్కల కన్నాల గుండా కిందికి పోతుంది. తలుపు అద్దం వెంట జారిన నీరు తలుపు లోపలికే దిగి, తలుపు అడుగు అంచున ఉన్న చీలికల గుండా బయటపడుతుంది. సన్‌రూఫ్ ఉన్న కారులో నాలుగు మూలలా గొట్టాలు ఉంటాయి. గుడ్డ టాప్ ఉన్న కారులో వెనుక భాగం నుంచి దిగే నీరంతా సీట్ల వెనుక కాలువలోకి చేరి, అక్కడి నుంచి చక్రాల ముందుకు పోతుంది. అంటే వాన కారు శరీరంలోకి రావడం, దాని గుండా ప్రవహించి పోవడం, ఇదంతా తయారు చేసినవారు ముందే లెక్క వేసి పెట్టిన ఏర్పాటు. చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో అలుగు అంత ముఖ్యం. నా కారుకు అలుగు పూడిపోయింది, నీళ్లు కట్ట మీది నుంచి పొర్లి ఊరి మీద పడ్డాయి.

కొత్త కంట్రోల్ యూనిట్‌కూ దానిని కారు భాషలో మళ్లీ పరిచయం చేయడానికీ కలిపి, మంచి స్కూటర్ ఒకటి వచ్చేంత డబ్బు ఖర్చయింది. దానికి ముందు సంవత్సరమే సిరామిక్ కోటింగ్‌కూ, ముందు భాగానికి పారదర్శకమైన ఫిల్ముకూ, ఖరీదైన కవరుకూ నేను పెట్టిన ఖర్చు దీని కంటే ఎక్కువ. ఆ దుకాణాల్లో ఎవరూ డ్రెయిన్ కన్నాల ఊసు ఎత్తలేదు. అమ్మడానికి అందులో ఏమీ లేదు మరి. కోటింగ్ పనికిరానిదని నేను అనను. నీటి చుక్క జారిపోతుంది, బోరు నీళ్లతో కడిగితే పడే తెల్ల మచ్చలు తొందరగా పట్టుకోవు. అయితే అది పెయింటు పై పొరకు మాత్రమే రక్ష. కార్పెట్ కిందికీ, వైర్ల జాయింట్లలోకీ చేరే తడికి దానితో ఏ సంబంధమూ లేదు.

ఆ తరువాత నేర్చుకున్న పని ఇది. కానుగ పూత అయిపోయాక, తొలకరికి ముందు, అంటే మే చివరి వారంలో ఒకసారి, మళ్లీ ఆగస్టు మధ్యలో ఒకసారి డ్రెయిన్లు శుభ్రం చేస్తాను. ఇనుప తీగ వాడకూడదు, గొట్టం చిరుగుతుంది. గాలి మిషన్‌తో పై నుంచి ఊదకూడదు, లోపల ఎక్కడో గొట్టం జాయింటు ఊడి వచ్చిందంటే నీళ్లు ఇక ఎప్పటికీ క్యాబిన్‌లోకే పోతాయి. గడ్డి కోసే మిషన్‌లో వాడే మందపాటి నైలాన్ దారం మూరన్నర తీసుకొని, కొసను నిప్పుతో కాస్త గుండ్రంగా చేసి, మెల్లగా తిప్పుతూ కన్నంలోకి దించాలి. అడ్డు తగిలిన చోట పొడవకూడదు, అటూ ఇటూ ఆడించాలి. ముందుగా పైన కనిపించే చెత్తను వాక్యూమ్‌తో లాగేయాలి, లేకపోతే మనమే దానిని లోపలికి తోసినవాళ్లమవుతాము. ఆ తరువాత చెంబుతో నీళ్లు సన్నటి ధారగా పోసి, అవి కారు కింద ఎక్కడ, ఎంతసేపటికి పడుతున్నాయో చూడాలి. అదే రోజు ముందు అద్దం కింద జల్లెడ ఎత్తి ఆకులు తీసి, తలుపుల అడుగు చీలికలను పాత టూత్‌బ్రష్‌తో తుడుస్తాను. ఏసీ నీళ్లు కారు కింద పడుతున్నాయో లేదో చూసుకోవడం కూడా ఇందులో భాగమే. అవి కింద పడటం లేదంటే లోపల పడుతున్నాయేమోనని అనుమానించాలి.

గుడ్డ టాప్ విషయంలో అందరూ చేసే తప్పు, తడిగా ఉండగానే మడిచి లోపల పెట్టడం. వాన వెలిసి ఎండ రాగానే టాప్ తీసి తిరగాలని ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే తడి గుడ్డ మడతల్లో రెండు రోజులు ఉంటే బూజు చుక్కలు పడతాయి, ఒకసారి పడ్డ నల్ల చుక్క పూర్తిగా పోదు. టాప్‌ను పంపు ఒత్తిడితో కడిగితే నేత వదులై, కుట్ల దగ్గర నీరు లోపలికి ఇంకుతుంది. మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో దులిపి, గుడ్డ టాప్‌లకని ప్రత్యేకంగా దొరికే సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాక నీటిని వికర్షించే స్ప్రే కొట్టాలి. నీళ్లు చల్లితే తామరాకు మీద లాగా పూసలు పూసలుగా నిలవాలి, పరుచుకొని గుడ్డ రంగు ముదురుగా మారిందంటే మళ్లీ స్ప్రే వేయాల్సిన సమయం వచ్చిందని తెలుసుకోవచ్చు. అద్దాల చుట్టూ ఉన్న రబ్బర్లకు సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే అవి ఎండకు పగలవు. వేసవిలో మన ఎండకు రబ్బరు బిగుసుకొంటుంది, ఆ సంగతి జూన్‌లో పడే మొదటి వానకు గాని బయటపడదు.

ఇక కవరు. ఆరుబయట వానలో నిలిపిన కారు మీద ప్లాస్టిక్ కవరు కప్పడం కంటే ఏమీ కప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కింద నేల నుంచి లేచే ఆవిరి బయటికి పోయే దారి లేక, కవరు లోపలి వైపున చుక్కలుగా పేరుకొని, రాత్రంతా కారు మీద రాలుతూ ఉంటుంది. గాలికి కవరు ఊగితే దాని కింద చిక్కిన ఇసుక పెయింటును గీస్తుంది. పైకప్పు ఉన్న చోట, గాలి ఆడే గుడ్డ కవరును, కారు పొడిగా ఉన్నప్పుడు వేసుకోవచ్చు. విశాఖపట్నంలో సముద్రం పక్కన ఉండే నా మిత్రుడు వానాకాలంలో కారు లోపల తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బా ఒకటి పెడతాడు. రెండు మూడు వారాలకు అందులో పేరుకొనే నీళ్లు చూస్తే, తోలు సీట్ల మీద బూజు ఎందుకు పడుతుందో ఎవరూ చెప్పనవసరం లేదు.

చెట్టు కింద నుంచి కారును సెల్లార్‌లోకి మార్చానని కొందరు అనుకోవచ్చు. మార్చలేదు. 2020 అక్టోబరు 13వ తేదీన పడిన వాన నాకు బాగా గుర్తుంది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది, నగరమంతటా సెల్లార్లు బావులయ్యాయి. మా సెల్లార్‌లో నీళ్లు తోడే మోటారు ఉంది, దానికి స్విచ్ బోర్డు కూడా ఉంది, అయితే ఆ బోర్డును సెల్లార్ గోడకే మోకాలి ఎత్తులో బిగించారు. నీళ్లు మోకాలి ఎత్తుకు రాగానే కరెంటు తీసేయక తప్పలేదు, మోటారు అవసరం సరిగ్గా అప్పుడే మొదలైంది. ఆ రాత్రి మా అపార్టుమెంటులో పదకొండు కార్లు మునిగాయి. స్పోర్ట్స్ కారుకు నేలకూ అడుగు భాగానికీ మధ్య ఉండే ఎడం జానెడు కూడా ఉండదు, ఎస్‌యూవీ చక్రం సగం తడిసేసరికి దీని సీటు తడుస్తుంది. అందుకని ఇప్పుడు నేను భవనం కింద నేల మట్టంలోనే ఉన్న స్టిల్ట్ పార్కింగ్‌లో, మరొకరి చోటును నెలవారీ అద్దెకు తీసుకున్నాను. ర్యాంపు లేదు, చెట్టు లేదు. ఆ యజమానికి కారు లేదు, నాకు అంతకంటే ఏం కావాలి!

నడిపేటప్పుడు ఎదురయ్యే నీళ్ల సంగతి వేరు. ఇంజిన్‌లోకి నీరు పోతే ఏమవుతుందో చాలామందికి తెలుసు గాని, ఎంత నీరు పోతే చాలో తెలియదు. నా కారు ఇంజిన్ 2.7 లీటర్లది, 6 సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండరుకు 450 మిల్లీలీటర్లు. కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ పైకి వస్తూ సిలిండరులోని గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, సుమారు 11. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ 45 మిల్లీలీటర్ల దగ్గర ఉంటుంది. ఇరానీ హోటల్ టీ కప్పులో సగం అనుకోండి. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేము. ఆ ఖాళీని మించి నీరు చేరిందంటే పైకి వస్తున్న పిస్టన్ గోడను గుద్దుకొన్నట్టు ఆగుతుంది, వెనుక నుంచి తోస్తున్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్పోర్ట్స్ కార్లలో గాలి పీల్చే మార్గం తరచుగా ముందు బంపర్ వెనుకో, పక్క ఫెండరులోనో కిందుగా ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం వీటికి మరీ దగ్గర. నిలిచిన నీళ్ల లోతు సరిపోతుందని లెక్క వేసుకొని మనం మెల్లగా దిగినా, ఎదురుగా ఆర్టీసీ బస్సు ఒకటి వస్తే అది తోసే అల బానెట్ దాకా లేస్తుంది. నీళ్ల కింద స్పీడ్ బ్రేకర్ ఉంటే అదొకటి. నియమం ప్రకారం కట్టిన బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, మన కాలనీల్లో నియమం ప్రకారం కట్టినది నేను ఇంకా చూడలేదు. అందువల్ల ఫుట్‌పాత్ అంచు కనిపించని నీళ్లలోకి నేను కారు దించను, అండర్‌పాస్ అయితే అసలు ఆలోచించను.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. ఒక్కసారి చూద్దామని కూడా చేయకూడదు. మామూలు మోటారు బీమా వరదను ప్రమాదంగా ఒప్పుకొన్నా, నీళ్లు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని పర్యవసాన నష్టంగా లెక్కకట్టి పక్కన పెట్టడం పరిపాటి. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలి, కారు వయసు పెరిగే కొద్దీ ఆ కవర్ దొరకడం కష్టమవుతుంది. ఉన్న చోటే ఫొటోలు తీసి, బీమా కంపెనీకి ఫోన్ చేసి, కారును తాడు కట్టి లాగించకుండా ఫ్లాట్‌బెడ్ మీద, అంటే కారు మొత్తాన్ని మోసుకుపోయే లారీ మీద, ఎక్కించాలి. ఎక్కించేవారికి కారు ఎత్తు తెలియదు కనుక వాళ్ల ర్యాంపు కింద వేయడానికి రెండు చెక్క పలకలు నా డిక్కీలో ఎప్పుడూ ఉంటాయి. గ్యారేజీకి చేరాక ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి చూడాలి, పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీరు కలిసినట్టే.

టైర్ల గురించి తక్కువగా చెబుతాను గాని ప్రాణం ఉన్నది అక్కడే. వెడల్పు టైరు పొడి రోడ్డును ఎంత బాగా పట్టుకొంటుందో, నీళ్ల మీద అంత తొందరగా తేలుతుంది. విమానాల టైర్లను పరీక్షించి నాసా వాళ్లు చెప్పిన పాత సూత్రం ఒకటి ఉంది. టైరులోని గాలి ఒత్తిడిని పీఎస్ఐలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే, టైరు నీళ్ల మీద తేలడం మొదలయ్యే వేగం గంటకు మైళ్లలో వస్తుంది. 32 పీఎస్ఐకి అది సుమారు 58.5 మైళ్లు, అంటే గంటకు 94 కిలోమీటర్లు. గాడులు అరిగిపోయిన టైరుకు, నీళ్లు బాగా నిలిచిన రోడ్డుకు వర్తించే లెక్క ఇది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 వరకూ అనుమతి ఉందన్న సంగతి దీని పక్కన పెట్టి చూసుకోవాలి. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి చాలంటుంది, నేను 3 దగ్గరకు రాగానే వానాకాలం ముందే మార్చేస్తాను. ఇక బ్రేకు డిస్కుల మీద తెల్లారేసరికి కనిపించే ఎర్రటి తుప్పుకు భయపడనక్కరలేదు, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. కడిగిన కారును మాత్రం హ్యాండ్ బ్రేకు లాగి వారం రోజులు వదిలేయకూడదు, ప్యాడ్లు డిస్కుకు అతుక్కొంటాయి. కాసేపు తిప్పి బ్రేకులు ఆరనిచ్చి, గేరులో పెట్టి, చక్రాల కింద అడ్డు పెడితే సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు కొనాలని చూస్తున్నవారికి ఒక మాట. 2015 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. అలా నానిన కారు బాగా తుడిచి, సెంటు కొట్టి, మరో ఊళ్లో అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును పూర్తిగా, చివరి దాకా బయటికి లాగి చూడండి. ఎవరూ అంత దూరం లాగి కడగరు కాబట్టి, బురద గీత ఉంటే అక్కడ దొరుకుతుంది. సీటు కింద పట్టాల స్క్రూల మీద తుప్పు ఉందేమో వేలితో తడిమి చూడండి. కార్పెట్ మీద అరచేత్తో నొక్కడం నేను మొదటే చెప్పాను.

ఈ ఏడాది మే చివరి ఆదివారం రెండు డ్రెయిన్లూ శుభ్రం చేశాను. చెట్టు కింద పెట్టడం మానేసినా, ఆఫీసు ఆవరణలోని చెట్ల నుంచి కాబోలు, ఎడమ కాలువలో చారెడు, కుడి కాలువలో గుప్పెడు పూలు వచ్చాయి. వాచ్‌మన్ టార్చి పట్టుకొని కారు కిందికి వంగి చూస్తూ ఉంటే నేను పై నుంచి చెంబుతో నీళ్లు పోశాను. ఎడమ పక్క నాలుగు అంకెలు లెక్కపెట్టేసరికి "వచ్చినయ్ సార్" అన్నాడు. కుడి పక్క తొమ్మిది దాకా ఏ మాటా లేదు, ఆ తరువాత సన్నగా బొట్లు బొట్లుగా మొదలయ్యాయి. దారం మళ్లీ దించాను.